తెలుగు రాని అల్సేషన్

మా మామగారి పంచె ఒక కొస కుక్క నోట్లోనూ, రెండో కొస ఆయన గుప్పిట్లోనూ ఉండగా, వీధి వీధంతా మా గేటు ముందు చేరి చూస్తుండగా, ఒకే ఒక్క హిందీ మాట గుర్తుకు రాక నేను చచ్చి బతికిన రోజు గురించి చెప్పబోతున్నాను. మెత్తని మనసున్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. అల్లుళ్లు మాత్రం చివరిదాకా చదవాలి.

డెబ్బైల్లో మాట. తిరువూరు మెయిన్ రోడ్డు మీద నాకు ఎరువుల కొట్టు ఉండేది. ఊరి చివర కొత్తగా లేచిన వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని కాపురం పెట్టాం. ఇంటి వెనక నుంచీ పత్తిచేలే. పొద్దున నేను కొట్టుకు వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. అందాకా ఇంట్లో మా ఆవిడ సరోజిని, అప్పుడప్పుడే పాకుతున్న మా పాప. ఒకరోజు పట్టపగలు పక్కింటివాళ్ల దొడ్లో తోమి బోర్లించిన ఇత్తడి బిందె మాయమైంది. మర్నాటికల్లా వీధిలో అందరూ తలుపులకు కొత్త గడియలు బిగించుకున్నారు. నేను గడియలతో సరిపెట్టుకునే రకం కాదు. కుక్కను తెస్తానని ప్రకటించాను.

ఆ సంగతి రెడ్డిగూడెంలో మామిడితోటలు చూసుకునే మా మామగారి దాకా వెళ్లింది. మనిషి నెమ్మది. అల్లుణ్ణి ‘గారూ’ అనకుండా పిలిచి ఎరగరు.

“దానికేముంది అల్లుడుగారూ, మా తోటలో కుక్క పిల్లల్ని పెట్టింది. ఒకదాన్ని బుట్టలో వేసి పంపిస్తా. పాపతో పాటే పెరుగుద్ది,” అన్నారు.

నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

“ఊరకుక్కా మామయ్యగారూ! కుక్కంటే జాతి ఉండాలండి.”

“జాతి ఏం చేసుద్దండీ? అన్నం పెట్టినోళ్లకి తోకాడించాలి, కొత్తోళ్లు వస్తే మొరగాలి. కుక్కకి అంతకంటే ఏం పనుంటుంది?”

“అవన్నీ పాతకాలం లెక్కలండి,” అన్నాను. ఆయన మజ్జిగ తాగి, భుజం మీద తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయారు.

ఇక జాతి ఎంపిక మొదలైంది. కొట్టుకు యూరియా బస్తా కోసం వచ్చిన ప్రతి రైతునూ కూర్చోబెట్టి కుక్కల గురించి అడిగాను. పామరేనియన్ తెచ్చుకోమన్నాడొకడు. దూదిపింజలా ఉంటుందట, పాప ఆడుకుంటుందట. దొంగ వస్తే దాన్ని కూడా జేబులో వేసుకుని పోతాడని కొట్టిపారేశాను. వేటకుక్క మంచిదన్నాడు ఇంకొకడు. దాన్ని రోజూ ఐదారు మైళ్లు పరిగెత్తించాలని తెలిశాక, నా పొట్ట వైపు ఓసారి చూసుకుని ఆ ఆలోచన కూడా మానుకున్నాను. ఇంటినిండా పిల్లలున్న ఒక పెద్దాయన, “బాబూ, పసిపిల్ల ఉన్న ఇల్లు. కుక్క ఎంత ఎత్తుందని కాదు, ఎంత ఓపికుందని చూసుకో,” అన్నాడు. అన్ని సలహాల్లోకీ పనికొచ్చేది అదొక్కటే. కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు.

చివరికి నా మనసు అల్సేషన్ మీద నిలిచింది. నిలబెట్టిన చెవులు, తోడేలు మూతి, చూడగానే దొంగ తనంతట తాను పోలీసు స్టేషనుకు నడిచి వెళ్లే రూపం. బెజవాడలో మిలటరీ నుంచి రిటైరైన ఒక ఉత్తరాది ఆఫీసరు సొంత ఊరికి వెళ్లిపోతున్నాడనీ, తన అల్సేషన్‌ను మంచి ఇంటికి ఊరికే ఇచ్చేస్తాడనీ తెలిసింది. ఎరువుల లారీ ఎక్కి వెళ్లాను.

ఆఫీసరు మీసం చూడగానే నాకు వచ్చిన ఇంగ్లీషు కాస్తా ఆవిరైపోయింది. హిందీలో నాకు తెలిసింది ‘అచ్ఛా’ ఒక్కటే. ఆయన కుక్క తిండి గురించి చెప్పాడు, అచ్ఛా అన్నాను. స్నానం గురించి చెప్పాడు, అచ్ఛా అన్నాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని చేతితో ఎత్తు చూపించి అడిగాడు. దానికీ అచ్ఛా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కుక్క పేరు బహదూర్ అనీ, దానికి “సిర్ఫ్ హిందీ” అనీ, అంటే హిందీ తప్ప మరో భాష రాదనీ చెప్పి, చేతి సైగలతో ఐదు మాటలు నేర్పించాడు. ఆవ్ అంటే రా. బైఠ్ అంటే కూర్చో. లావ్ అంటే తీసుకురా. పకడ్ అంటే పట్టుకో. ఛోడ్ అంటే వదులు.

ఈ ఐదు మాటలూ వల్లె వేసుకుంటూ బస్తాల మీద కుక్క పక్కన కూర్చుని బయల్దేరాను. మైలవరం దాటాక లారీ ఒక గోతిలో పడి లేచింది. ఆ కుదుపులో చివరి రెండు మాటలూ ఒకదాని చోటులోకి ఒకటి దొర్లిపోయి ఉంటాయని ఇప్పటికీ నా అనుమానం.

ఇంటికి తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టి “కూర్చో” అన్నాను. నన్ను గోడను చూసినట్టు చూసింది. “బైఠ్” అన్నాను. ఠక్కున కూర్చుంది. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీలు రెండు పక్కలకీ బిగుసుకుపోయాయి. పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించాను. “మావాడికి తెలుగు రాదండి,” అని చెబుతుంటే, కొడుక్కి కాన్వెంటులో సీటొచ్చిన తండ్రికి కూడా అంత గర్వం ఉండదు.

సరోజినిని పిలిచి గట్టిగా చెప్పాను. “దీనితో తెలుగులో మాట్లాడకు. చెడిపోతుంది.”

“అలాగేనండి,” అంది తను, పాప నోట్లోంచి కుక్క చెవిని బయటికి లాగుతూ. మా పాప దాని చెవి నమిలింది, తోక పట్టుకు లేచి నిలబడింది, దాని పొట్ట మీద పడి నిద్రపోయింది. పులిలాంటి ఆ కుక్క దూదిపరుపులా పడి ఉండేది. బహదూర్ అనడం నోరు తిరగక సరోజిని దాన్ని బాదం అని పిలిచేది. అలా పిలవద్దని చెప్పి చెప్పి నేను విసిగిపోయాను.

రోజూ సాయంత్రం కొట్టు నుంచి వచ్చి దాని ముందు కుర్చీ వేసుకుని హిందీ మొదలుపెట్టేవాణ్ణి. ఆవ్, బైఠ్, లావ్ బాగా సాగాయి. చెప్పు విసిరితే తెచ్చేది. అది ఎవరినీ పట్టుకోలేదు కనుక పట్టుకోమనీ వదలమనీ చెప్పే అవసరం మాత్రం రాలేదు.

ఆ అవసరం ఒక ఆదివారం మధ్యాహ్నం, మామిడిపళ్ల సంచితో, ఇస్త్రీ పంచెతో గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

ఆవకాయ రోజులు. సరోజిని పాపను చంకన వేసుకుని, పక్కింట్లో కాయలు కొట్టడానికి సాయం వెళ్లింది. నేను వరండాలో పడక్కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాను. కళ్లు తెరిచేసరికి మామగారు గేటు లోపల బొమ్మలా నిలబడి ఉన్నారు. ఆయన పంచె కొస బహదూర్ పళ్ల మధ్య ఉంది. కరవలేదు, మొరగలేదు. పోలీసువాడు దొంగ చొక్కా పట్టుకున్నంత తీరుబడిగా పట్టుకుంది.

“అల్లుడుగారూ, మీ కుక్క నా పంచె పట్టుకుంది. కాస్త చెప్పండి దానికి,” అన్నారాయన ఎంతో మర్యాదగా.

“కదలకండి మామయ్యగారూ! తెలుగులో మాట్లాడకండి. దానికి అర్థం కాకపోతే కోపం వస్తుంది!”

“మరి ఏ భాషలో మాట్లాడమంటారు?”

ఆ ప్రశ్నకు జవాబుగా నేను గొంతు సవరించుకుని, “పకడ్!” అని అరిచాను.

బహదూర్ ఇంకో జానెడు పంచెను నోట్లోకి తీసుకుంది. ఎక్కడో చిరుగు శబ్దం వినపడింది.

“ఏం చెప్పారు దానికి? ఇంకా గట్టిగా పట్టుకుంది!”

“అదే... వేరే మాట చెబుతానుండండి. బైఠ్!”

కుక్క కూర్చుంది. కుక్కతో పాటు దాని నోట్లో ఉన్న పంచె కూడా కిందికి దిగింది. పంచెను కాపాడుకోవడానికి మామగారు నడుం వంచి, మోకాళ్లు ముడిచి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నారు.

“అల్లుడూ,” అన్నారు. ‘గారు’ అక్కడ రాలిపోయింది. “ఇది కూర్చోమనడమా?”

దగ్గరికి వెళ్లి నోరు విప్పదీయొచ్చు కదా అంటారేమో. మీరు దాని కోరలు చూడలేదు. కంగారులో “లావ్!” అన్నాను. తీసుకురమ్మని చెబితే అది ఎప్పుడు తీసుకురాలేదు గనుక! పంచెను పట్టుకుని నా వైపు నడక మొదలుపెట్టింది. పంచెతో పాటు మామగారు కూడా కప్పలా గెంతుతూ వాకిలి సగం దాటి వచ్చేశారు. సంచి జారి పళ్లు నాలుగు వైపులకూ దొర్లాయి.

“ఏమయ్యా! నన్ను తెమ్మన్నావా దానితో?”

అప్పటికి గేటు ముందు జనం మూగారు. “ఆవ్ అనండి,” అన్నాడొకడు. “వస్తే ఇంకా దగ్గరికి తెస్తుందిరా,” అన్నాడు ఇంకొకడు. రోజూ విని విని నా కుక్క హిందీ మూడు ముక్కలూ వీధిలో అందరికీ వచ్చు, వదలమనే మాట ఒక్కటి తప్ప. నేను తల పట్టుకున్నాను. ‘చ’తో మొదలవుతుంది, ‘డ’తో అయిపోతుంది. అంతవరకు తెలుసు. “చాడ్! చీడ్! చూడ్... చూడు!” అన్నాను.

బహదూర్ తల తిప్పి నా వైపు చూసింది. పంచె మాత్రం వదల్లేదు.

“చూసిందయ్యా, చూసింది! ఇప్పుడేం చెయ్యమంటావు దాన్ని, పాట పాడమంటావా?” అని మామగారు కేకేశారు.

ఇంతలో ఎవరో వెళ్లి, ఎదురింట్లో ఉండే హిందీ మాస్టారిని లేపుకొచ్చారు. ఆయన బనీను మీద కండువా వేసుకుని, గేటు బయటే నిలబడి, కళ్లజోడు సర్దుకుని, బడిలో పద్యం చదివించినట్టు తాపీగా అందుకున్నారు. “హే శ్వాన్! ఆప్ కృపయా ఇన్ మహాశయ్ కే వస్త్ర్ కా త్యాగ్ కీజియే.”

కుక్క ఎంతో శ్రద్ధగా విని తోక ఊపింది.

“ఏం చెప్పారండీ?” అన్నాను ఆశగా.

“ఓ శునకమా, తమరు దయచేసి ఈ మహాశయుని వస్త్రమును త్యజింపుడు అన్నాను. వ్యాకరణం ప్రకారం ఎక్కడా తప్పు లేదు.”

“మాస్టారూ, వ్యాకరణం రేపు చూసుకుందాం, ముందు నా పంచె సంగతి చూడండి!” అన్నారు మామగారు. తర్వాత నా వైపు తిరిగి, పెళ్లినాటి నుంచీ ఎప్పుడూ అనని మాట అన్నారు. “ఒరేయ్!”

ఆ పిలుపు పక్కింటి పెరట్లోకి వినపడింది. సరోజిని ఆవపిండి చేతులతో, చంకన పాపతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తండ్రిని చూసింది, నన్ను చూసింది, కుక్కను చూసింది.

“బాదం! ఏంట్రా ఆ పని? తాతయ్యరా. వదులు!”

వదిలేసింది. వదలడమే కాదు, చెవులు వాల్చి, తప్పయిపోయిందన్నట్టు మామగారి పాదం వాసన చూసింది. “చాల్లే, పక్కకెళ్లి పడుకో,” అంది సరోజిని. వెళ్లి పడుకుంది.

 హిందీ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“దీనికి తెలుగు ఎప్పుడొచ్చింది?” అన్నాను. 

“వచ్చిన వారానికే వచ్చిందండి. రోజంతా నాతోనే ఉంటుంది కదా. అన్నానికి రారా, పాప ఏడుస్తుంది చూడు, వంటింట్లోకి రాకు, ఇలా మాట్లాడతా ఉంటే అదే నేర్చేసుకుంది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“తెలుగు మాట్లాడొద్దన్నారుగా! తెలిస్తే కోప్పడతారని. పైగా మీరు రోజూ దాని ముందు కూర్చుని అంత శ్రద్ధగా హిందీ నేర్చుకుంటుంటే... పోనీలే, కొట్టులోనన్నా పనికొస్తుందని ఊరుకున్నాను.”

‘చూడు’ అన్నప్పుడు అదెందుకు చూసిందో నాకు అప్పుడు అర్థమైంది. ‘వదులు’ అని ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. పుట్టిన దగ్గర్నుంచీ నోట్లో ఉన్న మాట.

మామగారు లోపలికి వెళ్లి నా పంచె కట్టుకుని వచ్చారు. అది ఆయనకు పిక్కల దాకే వచ్చింది. మజ్జిగ తాగారు. పాప బహదూర్ వీపెక్కి కూర్చుని దాని చెవులు రెండూ కళ్లెంలా పట్టుకుంది. కుక్క కళ్లు మూసుకుని భరిస్తోంది. చాలాసేపు చూశారాయన. తిడతారేమోనని నేను గుమ్మం చాటున నిలబడి ఉన్నాను.

“మంచి కుక్కమ్మా,” అన్నారు కూతురితో. “ఓపికుంది, తెలివుంది, చెప్పినమాట వింటుంది. దీన్ని ఎంచుకోవడంలో మీ ఆయన తప్పేం లేదు.” గ్లాసు కింద పెట్టి, గుమ్మం వైపు ఓసారి చూసి, నిట్టూర్చారు. “ఎంచుకోవడంలో తప్పంతా నేనే చేశా.”

అప్పుడే, ఆ గుమ్మం చాటునే, తలుపు మీద చెయ్యి వేసి నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా ఇంటి గడప తొక్కే ఏ ప్రాణినైనా, దానికి ఎన్ని కాళ్లున్నా, ఎంత గొప్ప జాతిదైనా, ముందుగా తెలుగులో పలకరిస్తాను. జవాబు రాకపోతే మా ఆవిణ్ణి పిలుస్తాను. హిందీ మాత్రం, ఆదివారం నాడు, మామగారి సమక్షంలో, ప్రాణం పోయినా మాట్లాడను.