కాపు వేసిన దురాయి

ఇందుకూరుపేట మండలంలో నాకిచ్చిన పోస్టు, మూతపడిన బడిలో ఒక గది. కరోనా రెండో విడత ముదిరిన మే నెల అది. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి అప్పటికే రిటైరయ్యాను. అంబులెన్సుల్లో మనుషులు చాలడం లేదని పిలిస్తే పెట్టె సర్దుకుని వచ్చాను. మళ్లీ డ్యూటీ అనుకున్నాను, అంతే.

కిట్టు చూసుకున్నాను. ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉంది. ముఖానికి బిగించి గాలి నొక్కే సంచి ఉంది. షాకిచ్చే మిషను ఉంది. తెల్ల సూట్లు మాత్రం తక్కువ. సూటు లేకుండా రోగి దగ్గరికి పోకూడదని ఆర్డరు.

డ్రైవరు లోపలి పల్లెల్లో వరి పండించే ఇంటి మనిషి. మొదటి రోజే ఆటపట్టించాడు.

"మంచులో నిలబడినోళ్లంట గదా సార్. ఈ గుడ్డ తొడుక్కోని మా ఎండలో నిలబడండి, చూద్దాం."

తొడుక్కున్నాను. కాసేపటికే చెమట బూట్లలోకి దిగింది. అతను పగలబడి నవ్వాడు.

ఒక మధ్యాహ్నం కంట్రోల్ రూము నుంచి ఫోను. తీరం వెంబడి ఒక మత్స్యకారుల పాలెం.

"మనిషి పడిపోయాడు, శ్వాస లేదు. భార్యతో ఛాతీ నొక్కిస్తున్నాను. నేను లైన్లోనే ఉంటా, మీరు త్వరగా పోండి," అంది ఆపరేటరు.

గుండె ఆగిన మనిషికి ప్రతి నిమిషమూ నష్టమే. సూటు బండిలోనే తొడుక్కున్నాను. రొయ్యల గుంటల మధ్య గతుకుల రోడ్డు. డ్రైవరు బ్రేకు ముట్టుకోలేదు.

పాలెం మొగదల ముట్టుకోక తప్పలేదు. రోడ్డుకు అడ్డంగా పాత పడవ బోర్లించి ఉంది. దానికి రెండు పక్కలా ముళ్లకంప. అవతల మూతికి తువ్వాళ్లు కట్టుకున్న మగవాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ వలలు లాగి కండలు తిరిగినవాళ్లే.

"బోటు తీయండయ్యా!" డ్రైవరు అరిచాడు.

"తీయగూడదన్నా. దురాయి వేసుండారు."

దురాయి అంటే పాలెం కట్టుబాటు. ఊరి పెద్దను కాపు అంటారు. కాపు వేసింది కాపే ఎత్తాలి. మీరిన ఇంటితో ఊరు మాట్లాడదు. రోగం రాకుండా ఈ దురాయి వేశారట. బయటి బండి లోపలికి రాకూడదు. ఊరు దాటి పోయినవాడు తిరిగి రాకూడదు. జబ్బుపడిన మనిషిని ఇంట్లోవాళ్లు తప్ప ముట్టకూడదు.

"అయితే మీ కాపును పిలవండి," అన్నాను.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పడిపోయింది ఆయనే సార్."

"మరి దురాయి ఎవరెత్తాలి?"

"పెద్దోళ్లు కూర్చోనుండారు. మాట్లాడతా ఉండారు."

డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అతనికి ఆరోజు సూటు లేదు, బండి దగ్గరే ఉండమన్నాను. సిలిండరు, సంచి, మిషను భుజానేసుకుని పడవెక్కి అవతలికి దూకాను. కంప తగిలి సూటు మోకాలి దగ్గర చిరిగింది. ఇసుకలో పరుగెత్తాను. ఎవరూ ఆపలేదు. సిలిండరు అందుకోవడానికీ ఎవరూ రాలేదు.

ఇంటి ముందు పందిరి కింద ఆయన పడి ఉన్నాడు. పక్కనే మోకాళ్ల మీద భార్య. ఇసుకలో ఫోను. ఆపరేటరు ఇంకా అంకెలు లెక్కపెడుతోంది, ఆ లెక్కకు ఈమె నొక్కుతోంది. దూరంగా చుట్టూ జనం. అందులో వేరింట్లో ఉండే సొంత మరిది కూడా ఉన్నాడు.

"వచ్చి రొంతసేపు నొక్కరా అని కాళ్లు పట్టుకోబోయినా సార్. ఎనక్కి జరిగినాడు," అంది, నొక్కడం ఆపకుండానే.

మరిది తల దించుకున్నాడు. "దురాయి గదొదినా."

"పొద్దున్నించీ రొమ్ములో నొప్పే సార్. ఆస్పత్రికి పోదాం రా అంటిని. దాటి పోతే మళ్లా రాగూడదని నేనే వేస్తిని, నేనే ఎట్టా దాటేది అన్నాడు."

నేను అందుకున్నాను. నొక్కాను, సంచితో గాలి పంపాను. మిషను తగిలించాను. షాకిచ్చినా లాభం లేదంది, గుండెలో కదలికే లేదు. మళ్లీ నొక్కాను. కళ్లద్దాల లోపల చెమట కమ్మి నా చేతులు నాకే కనిపించలేదు. చాలాసేపటికి ఆపరేటరు ఫోనులో కలిపిన డాక్టరు ఇక ఆపమన్నాడు.

"లేడమ్మా," అన్నాను.

ఆమె ఏడవలేదు. "నేను సరిగ్గా నొక్కినానా సార్?" అని అడిగింది.

"సరిగ్గానే నొక్కినావమ్మా." అది నిజమే.

జనంలోంచి ఒక ముసలాయన గట్టిగా అన్నాడు. "కాపే పోయినాక ఇంకేం దురాయి? బోటు తీయండ్రా."

ఇందాకటి మగవాళ్లే చేతులేశారు. ఒక్క ఊపులో పడవ లేచింది. అంబులెన్సు వాకిటి దాకా వచ్చి ఆగింది. ఆ క్షణాన వాళ్లందరినీ చావగొట్టాలనిపించింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆమె లేచింది. దారిలో ఉన్న నీళ్ల బిందెను పక్కకు జరిపి స్ట్రెచరుకు చోటు చేసింది.

"బండొచ్చింది సార్. ఎక్కించండి."

చనిపోయినవాళ్లను ఎక్కించకూడదని మాకు పైనుంచి ఆర్డరు. డ్రైవరు నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఖాళీ బండితో వెనక్కి తిరిగాం. దారిలోనే ఇంకో ఫోను వచ్చింది.

వానలు మొదలయ్యేసరికి కేసులు తగ్గాయి. కాంట్రాక్టు అయిపోయింది. గూడూరులో మా ఇంటికి చేరాను. మా వీధివాళ్లు నన్ను కూర్చోబెట్టుకుని సరిహద్దు కబుర్లు అడుగుతారు, అన్నిటికన్నా కష్టమైన పోస్టు ఏదని. ఏదో ఒక కొండ పేరు చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందు ఆమె బిందెను పక్కకు జరుపుతూనే ఉంటుంది.