కొండతో కలిపి వేసిన లెక్క

విజయనగరంలో గంటస్తంభం దాటి బజారులోకి తిరిగే మలుపులో, ఎండలు ముదిరితే చాలు, ఒకావిడ వెదురుబుట్ట నిండా జీడిమామిడి పళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. ఎర్రవీ పసుపువీ, కింద గింజ తీసేసినవి, రెండు గంటల ఎండకే మెత్తబడి రసం కారిపోతూ ఉంటాయి. ఆ వాసన అలవాటున్నవాళ్ళకి తప్ప పట్టదు. తీపిగా మొదలై గొంతులో వగరుగా పట్టుకుంటుంది, రసం బట్ట మీద పడితే మరక జన్మలో వదలదు. మొన్న ఆటో కోసం నిలబడి ఉంటే ఆ వాసన గాలికి వచ్చి మొహాన కొట్టింది. అరవై దాటి చాలా ఏళ్ళయినదాన్ని, చక్కెర జబ్బుదాన్ని, నాలుగు పళ్ళు కొనుక్కుని నడిరోడ్డు మీదే తినేశాను. చీర పాడైంది. అయితే అయింది. ఆ వాసన మా కొండది.

మా ఊరు పల్లె అంటే ఒప్పుకోదు, పట్నం అనడానికి చాలదు. సాలూరు లారీలు దుమ్ము రేపుకుంటూ మా ఊరి మీదుగానే పోయేవి గానీ ఆగేవి కావు. ఊరికి ఒక బజారు, ఒక హైస్కూలు, ఒక పంచాయతీ ఆఫీసు, ఆ ఆఫీసులో గుమస్తాగా మా నాన్న. ఊరి పడమటి కొసన మా వీధి, మా వీధి వెనకే కొండ. అరవైల చివరికి మా వీధి కిక్కిరిసిపోయి ఉండేది. రంగం వెళ్ళిన కుటుంబాలు బర్మాలో బతుకు చెడి, టిన్ను పెట్టెలతో తిరిగొచ్చి, అన్నదమ్ముల ఇళ్ళలోనే అడ్డంగా తడికలు కట్టుకుని సర్దుకున్నాయి. ఒక గోడకి ఇటు ఒకరు, అటు ఒకరు. పక్కింట్లో ఎండుమిరపకాయ పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. మా తమ్ముడు ఏడిస్తే పక్కింటావిడ జోలపాట. తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి గడులు గియ్యాలంటే ఎవరి మంచమో ఒకటి జరపమని బతిమాలుకోవాలి. వానాకాలం అరుగుల మీద చోళ్ళు, అదే రాగులు, ఆరబోసుకునే చోటు కోసం ఆడవాళ్ళు పొద్దున్నే చాపలు పరిచి హక్కు నిలబెట్టుకునేవారు. నాగులచవితికి చిమ్మిలి దంచుతుంటే రోకలిపోటు ఏ ఇంట్లోదో చెప్పలేకపోయేవాళ్ళం, వీధంతా ఒకే రోలన్నట్టు ఉండేది.

ఇంతమందికీ తాగే నీళ్ళు కొండ మీదే. వీధిలో రెండు బావులున్నా రెండింటిలోనూ ఉప్పునీరు. బట్టలకీ గేదెలకీ తప్ప పనికిరావు. కొండకి సగం ఎత్తులో, జీడితోపులు దాటాక, బండల సందున ఊటబావి ఒకటుండేది. చల్లగా, కొబ్బరినీళ్ళలా ఉండేవి ఆ నీళ్ళు. కానీ ఊట కదా, నిమ్మళంగా ఊరేది. ఒకరు రెండు బిందెలు ముంచుకుంటే మళ్ళీ నీరు చేరేదాకా వెనకవాళ్ళు బండల మీద కూర్చోవాలి. ఇంటికో మనిషి రోజంతా దీనికే కావాలి. మా ఇంటి తరఫున ఆ మనిషి మా అప్ప.

అప్ప అంటే మా అక్క, పేరు పార్వతి. నాకు పదేళ్ళు, దానికి పద్నాలుగు. ఏడో తరగతి బాగా పాసయింది. ఆ వేసవిలోనే పెద్దమనిషి కావడం, అమ్మకి నడుము పట్టేసి బిందె ఎత్తలేకపోవడం ఒకేసారి వచ్చాయి, అప్ప బడి ఆగిపోయింది. ఏడ్చి గోల చేసే రకం కాదు. తలమీద చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద ఇత్తడి బిందె, దాని మీద చిన్న బిందె, చంకన ఇంకొకటి, పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి, దీపాల వేళకి ముందు ఇంకొకసారి కొండ ఎక్కి దిగేది. నేను బడి నుంచి రాగానే ఆరోజు ఏం చెప్పారో తనకి ఒప్పజెప్పాలి. లేకపోతే జడ వేసేది కాదు. ఎనిమిదో తరగతి పుస్తకాలు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకుని అట్టలు కూడా వేసి ఉంచుకుంది.

ఎందుకంటే అమ్మ మాటిచ్చింది. "కుళాయి పడనీయే, నిన్ను మళ్ళీ బడికి పంపించీకపోతే అడుగు" అంది.

కుళాయిల మాట ఊళ్ళో అప్పుడు గట్టిగా నడుస్తోంది. ఏటి నుంచి గొట్టాలు వేసి నీళ్ళు తెస్తారట, అయితే ఊరంతటికీ చాలవు కాబట్టి ముందు జనం ఒత్తుగా ఉన్న వార్డులకే ఇస్తారట. ఆ మాట వినగానే మా వీధి నవ్వుకుంది. ఒత్తుగా ఉండటంలో మమ్మల్ని కొట్టేవాళ్ళెవరు? అప్ప అయితే పుస్తకాలు ఎండలో పెట్టి పురుగులు దులుపుకుంది.

నవ్వనిది నాన్న ఒక్కడే. ఒక ఆదివారం పొద్దున అరుగు మీద ఊరి పటం పరుచుకుని కూర్చున్నాడు. అందులో మా వార్డు గీత వీధి చివర ఆగలేదు. కొండ చుట్టూ తిరిగి అవతలి వాలు దాకా పోయింది. ఇదేమిటని అడిగితే, నేను తింటున్న మరమరాల పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. మరమరాలన్నీ ఒక మూలకి పోగేసి, "ఇది మన వీధి" అన్నాడు. తరవాత అరచేత్తో వాటిని పళ్ళెమంతా పరిచేశాడు. పల్చగా, మధ్యమధ్య పళ్ళెం అడుగు కనిపిస్తూ ఉన్నాయి.

"మనుసుల్ని నేలతో భాగించడవంటే ఇదేనమ్మా. కొండ కూడా మన నేలే."

"కొండ మీద మనిళ్ళు నేవు గదా నాన్నా."

"నేవు. లెక్కకి మాత్రం ఉన్నట్టే."

బజారు వార్డుకి కొండ లేదు, చెరువు లేదు. అక్కడ పెద్ద పెద్ద లోగిళ్ళలో నలుగురేసి ఉన్నా వాళ్ళే ఒత్తు. నాన్న ఈ సంగతి పైవాళ్ళకి చెప్పి చూశాడు. గీతలు మార్చడం గుమస్తా పని కాదన్నారు. ఇంటికొచ్చి కూడికలూ భాగహారాలూ వేసుకుని, మా వీధిలో మనుషులందరూ తలతలా రాయించుకుంటే కొండతో కలిపినా గట్టెక్కుతామని తేల్చాడు. ఆ మాట ఇంట్లో చెప్పాడు గానీ వీధిలో చెప్పలేదు. సర్కారు కాగితం సంగతి బయట చెప్పకూడదని ఆయన నమ్మకం. ఆయన నిజాయితీ మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది, కోపం కూడా ఉంది.

మా సొంత వీధి కాబట్టి జనాన్ని రాసే పని నాన్నకి ఇవ్వలేదు, మా బడి మేష్టరుకి ఇచ్చారు. ఇక్కడ మా నాయనమ్మ సంగతి చెప్పాలి. నాయనమ్మ బియ్యం కొలిచేటప్పుడు మొదటి గిద్దెని ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు అని అక్కడిదాకే పైకి అనేది, ఆపైన లెక్కంతా మనసులోనే. ఇంట్లో పదకొండుమందిమి: నాయనమ్మ, అమ్మ, నాన్న, చిన్నాన్న, పిన్ని, వాళ్ళ చంటిది, మేం అయిదుగురం పిల్లలం. ఎవరికీ మెతుకు తక్కువయ్యేది కాదు, కానీ పదకొండు అన్న మాట ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు. పిల్లల్ని లెక్కపెడితే దిష్టి. లెక్కపెట్టిన పిల్ల నిలవదు. ఆవిడకి నలుగురు నిలవలేదు కూడా, ఆ బాధతో అన్న మాటని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆవిడొక్కతే కాదు, వీధిలో ఏ తల్లిని అడిగినా ఒకరిద్దరిని తగ్గించే చెప్పేది. చంటిపిల్లలకి పేరు పెట్టేదాకా అసలు లెక్కే లేదు. దానికి తోడు ఆ రోజుల్లో, ముగ్గురు దాటితే ఆపరేషనుకి పట్టుకుపోతారని ఒక భయం ఊరంతా పాకి ఉంది.

మేష్టరు వచ్చినప్పుడు అమ్మ గేదె దగ్గర ఉంది, అప్ప కొండ మీద ఉంది. నాయనమ్మా నేనూ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నాం.

"ఇంట్లో ఎంతమందున్నారు మామ్మా?"

"ఏటో బాబూ, ఉన్నాం. పిల్లా పాపా కలిపి ఆరుగురవని రాసుకో."

మేష్టరు నా వైపు చూశాడు. "ఈ గుంటకి తమ్ముళ్ళే ముగ్గురు గదా?"

"సిన్నగుంట, దానికేటి తెలుస్తాది. పక్కింటోళ్ళని కూడా తమ్ముళ్ళనే అంటాది."

నాకు తెలుసు. మరమరాల లెక్క నాకు తెలుసు, గట్టెక్కాలంటే తలతలా రాయించాలని నాన్న అన్నదీ తెలుసు. "అప్ప..." అని మొదలుపెట్టాను. నాయనమ్మ చెయ్యి చింతపండు కిందనుంచి వచ్చి నా తొడ మీద గట్టిగా గిల్లింది. మేష్టరు, "నిజవేనేటే?" అని అడిగాడు. తలూపాను. ఆరు అని రాసుకుని, నాయనమ్మ వేలిముద్ర వేయించుకుని, పక్కింటికి వెళ్ళాడు. అక్కడా అంతే జరిగిందని చింతపండు పిక్కలు తీస్తూనే విన్నాను. ఆ సాయంత్రం నాన్నకి చెప్దామనుకున్నాను. నాయనమ్మ పిలిచి ఇంత బెల్లంముక్క చేతిలో పెట్టింది. చెప్పలేదు.

కాగితాలన్నీ సంతకాలై పైకి వెళ్ళి, ఫలానా వార్డులకి గొట్టాలు మంజూరయ్యాయని తిరిగి వచ్చాకే నాన్నకి అంకెలు కనిపించాయి. మా వార్డుకి కొద్దిలో తప్పిపోయింది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు.

"అమ్మా, మేష్టరొస్తే ఎంతమందివని సెప్పినావు?"

"ఏటి, నిజం సెప్పీసి గుంటల్ని దిష్టికి ఒగ్గీమంటావేట్రా?"

"పార్వతిని సెప్పినావా?"

"పెద్దమనిసైన గుంటని ఊరోళ్ళ కాగితంలోకి ఎక్కిత్తారేట్రా ఎవులైనా?"

నాన్న అరుస్తాడనుకున్నాను. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. మర్నాడు పలకా బలపంలా కాగితం పెన్సిలు పట్టుకుని తనే ఇంటింటికీ తిరిగాడు, ఈసారి కుళాయి సంగతి విప్పి చెప్పి. ఎవరూ నమ్మలేదు. "ఆపరేసనోళ్ళకి పేర్లిచ్చీడానికే గదా గుమస్తాబాబూ" అని నవ్వారు. కొందరు మొదట చెప్పినదాని కంటే ఇంకా ఒకరిని తగ్గించారు. నాన్న అర్జీ రాశాడు, ఇంకో అర్జీ రాశాడు. వచ్చేసారి చూద్దామని జవాబు వచ్చింది. బజారులో కుళాయి తిప్పిన రోజు వాళ్ళు కొబ్బరికాయ కొట్టి అందరికీ శనగలు పంచారు, మా వీధి పిల్లలం కూడా వెళ్ళి దోసిళ్ళు పట్టాం. అప్ప రాలేదు, నీళ్ళకి వెళ్ళింది. ఆ వారంలో పుస్తకాలు తనే తీసి నాకిచ్చింది. "అట్టలు సింపకు" అంది. నేను అసలు సంగతి చెప్పెయ్యాలని నోరు తెరిచాను, బెల్లం తిన్నదాన్ని, ఏమని చెప్పను?

రెండేళ్ళకి శృంగవరపుకోట వైపు దానికి సంబంధం కుదిరింది. మా వీధికి కుళాయి వచ్చేసరికి అప్ప పురిటికి వచ్చి ఉంది. పెద్ద కడుపుతో నిలబడి, బిందె పెట్టి, అది నిండి పొర్లిపోతుంటే కుళాయి కట్టడం తెలియక చూస్తూ ఉండిపోయింది. "ఇంతేనేటే? ఇంతసేపేనా?" అని నన్ను అడిగింది.

నేను ఆ పుస్తకాలే చదివి సోషల్ టీచరునయ్యాను. జనాభాని విస్తీర్ణంతో భాగించాలి అని ముప్ఫై ఏళ్ళు బల్ల మీద కర్రతో కొడుతూ వల్లె వేయించాను. ఒకసారి ఒక పిల్ల లేచి, "ఎవరూ ఉండని చోటుని ఎందుకు కలపడం టీచర్?" అంది. అలాగే రాయాలి, లేకపోతే మార్కు పోతుందని కూర్చోబెట్టాను.

ఇప్పుడు ఆ కొండ సగానికి పైగా లేదు. కంకర కోసం తవ్వుకుపోయారు. జీడితోపు పోయింది, ఊటబావి ఎక్కడుండేదో చూపించడానికి బండ కూడా మిగల్లేదు. రంగం నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు తలో ఊరూ పోయి, తడికల వీధిలో తాళాలున్న ఇళ్ళే ఎక్కువ. నాయనమ్మా నాన్నా ఎప్పుడో వెళ్ళిపోయారు.

అప్ప మోకాళ్ళు డాక్టరుకి చూపించుకోవడానికి పోయిన నెల నా దగ్గరికి వచ్చి పది రోజులుంది. ఆ మోకాళ్ళు చూస్తూ ఉండలేక, ఇన్నేళ్ళ తరవాత, అంతా చెప్పేశాను. నాయనమ్మ చెప్పిన ఆరు, నేను ఊపిన తల, నాన్న పరిచిన మరమరాలు. కొండ మీద ఒక్క మనిషి కూడా లేకపోయినా దాన్ని మనకే కలిపారనీ, అందుకే మనం పల్చన అయ్యామనీ వివరించాను. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అప్ప మోకాలికి మందు రాసుకోవడం ఆపి, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"కొండ మీద మనిసి నేదని ఎవులు సెప్పినారే వాళ్ళకి? నానుండీదాన్ని గదా, రోజల్లా."