ఫోనుకు వరసలు తెలియవు

బట్టలు కుట్టే ఆవిడకు లోకమంతా చుట్టాలే. గుండీలమ్మే ఆయన బాబాయి, ఇస్త్రీ చేసే ఆవిడ అక్క, కుట్టుమెషిన్ బాగుచేసే మెకానిక్ అన్నయ్య. ఫోనులోనూ అలాగే రాసుకుంది. పేర్లు రాసుకోమని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంది. "పేరు పెట్టి పిలవడానికి వాళ్లేమన్నా నాకంటే చిన్నవాళ్లా?" అంది. మర్యాద బాగానే ఉంది. ఫోనుకు వావివరసలు తెలియాలి కదా!

ఆ రోజు మెషిన్‌కు కొత్త మోటారు వేయించింది. తెల్లారేసరికి ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. డబ్బు పడితేనే మెషిన్ కదిలేదన్నాడు మెకానిక్. చేతిలో చిల్లిగవ్వ లేదు, సంపాదనంతా ఫోనులోనే. అయితేనేం, ఎంత సుఖం అనుకుంటూ మెకానిక్ కొట్లోనే నిలబడి 'అన్నయ్య' మీద నొక్కి నాలుగు వేలు పంపింది. పచ్చటి టిక్కు పడింది.

"నాకేం రాలేదమ్మా," అన్నాడు మెకానిక్.

చూస్తే ఫోనులో ఇద్దరు అన్నయ్యలున్నారు. డబ్బు వెళ్లింది తోడబుట్టిన అన్నయ్యకు. రెండేళ్లుగా మాటల్లేని అన్నయ్యకు! ముచ్చటపడి ఆవిడ కుట్టిచ్చిన చొక్కాకు ఎడమ చెయ్యి పొడుగైందని నలుగురిలో నవ్వాడు. ఆ రోజు ఆవిడ మూతి ముడుచుకుంది, ఆయన బెట్టు చేశాడు. ఇద్దరిలో ఒక్కరూ దిగిరాలేదు.

బ్యాంకుకు ఫోన్ చేస్తే, పంపింది మీరే, ముందు ఆయన్నే అడగండి అని చల్లగా చెప్పారు. అడగాలట! ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పోవడానికి ఒక్క నొక్కు చాలు, వెనక్కి రావాలంటే మాత్రం కాళ్లబేరానికి దిగాలి. ఇదేం సుఖం?

పళ్లు బిగబట్టి మెసేజ్ పెట్టింది: "పొరపాటున పంపాను. వెనక్కి పంపు."

కాసేపటికి ఒక్క రూపాయి వచ్చింది. దాని వెనకే మెసేజ్: "ఊరికే చూడ్డానికి పంపా. అందిందా?"

"అందింది. మిగతాది పంపు."

"మెసేజ్ ఎవరైనా పెడతారు. ఫోను ఎవడు కొట్టేశాడో ఏమో. పొరపాటున పంపామని చెప్పి ముంచేస్తున్నారు. గొంతు వినాలి."

మెకానిక్ షట్టరు సగం దించి, ఆవిడ వంక చూశాడు. ఇంకేం చేస్తుంది, అన్నయ్యకు ఫోన్ చేసింది.

"నేనే," అంది.

"నేనే అంటే? గొంతు బొంగురుగా ఉంది. నువ్వేనని గుర్తేమిటి?"

"గుర్తు కావాలా? ఆ చొక్కా చెయ్యి పొడుగు కాదు, నీ చెయ్యే పొట్టి!"



"నువ్వే," అన్నాడు మెల్లగా. "ఉండు, పంపుతున్నా."

మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది వచ్చాయి. రూపాయి ముందే ఇచ్చాడుగా! ఈసారి మెకానిక్ గోడకు అంటించిన కోడ్ మీద ఫోను పెట్టి, కొట్టు పేరు రెండుసార్లు చదువుకుని మరీ కట్టింది. అన్నయ్య ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఇంతకీ ఆ చొక్కా ఉందా, పారేశావా?"

"ఒంటి మీదే ఉంది. చెయ్యి మడుచుకుంటున్నా."

ఆవిడకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"రెండేళ్లుగా మడుచుకునే తిరుగుతున్నావా? నలుగురూ చూస్తే నా కుట్టు గురించి ఏమనుకుంటారు? రేపు పట్టుకురా, పొట్టి చేసిస్తా."

"అంటే, పొడుగేనంటావ్?"

"పెట్టెయ్ ఫోను!" అని అరిచింది. ఆవిడ మాత్రం పెట్టలేదు.