వెచ్చటి నీళ్లలో చలి

పెదనాయన పోయారని హాస్టల్ ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "నిద్దరలోనే పోయినాడమ్మా. నువ్వు బస్సెక్కు," అని పెట్టేశాడు నాన్న. నేను ఆత్మకూరు చేరేసరికి ఇంటిముందు చర్చివాళ్లు పాటలు మొదలుపెట్టారు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు అడిగితే లేచి నిలబడి మళ్లీ కూర్చుండిపోయాను. ఆ మాటలే ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన మా నాన్నకు అన్న. ఉదయగిరి కొండ కింద పుట్టి, చేలబావుల్లో ఈత నేర్చుకుని, ఓడరేవులో నీళ్లలో మునిగి పనిచేసే డైవరుగా చేరారు. ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకడం ఆయన పని. రిటైరయ్యాక మా పక్కింట్లో ఉండేవారు. రోహిణీ కార్తెలో కూడా వేడినీళ్లే పోసుకునేవారు. స్నానం కాగానే తలకంటే ముందు మెడ తుడుచుకునేవారు. ఎవరైనా నవ్వితే, "పడాల్సిన చలంతా అప్పుడే పడేసినాను. ఇంక నా వల్ల కాదు," అనేవారు.

నేను ఎమ్మెస్సీలో సముద్ర జీవశాస్త్రం తీసుకున్నాను. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగి పగడపు దిబ్బలను చూసే శిక్షణకు, లక్షదీవులు వెళ్లే జట్టులో నా పేరు వచ్చింది. అక్కడి సముద్రం వెచ్చగా ఉంటుందనీ, పలచటి రబ్బరు సూటు వేసుకోవడమో టీషర్టుతో దిగడమో మా ఇష్టమనీ లెక్చరరుగారు చెప్పారు. నేను వెంటనే టీషర్టు అనుకున్నాను. చలి సంగతి ఆలోచించనేలేదు. ఒంటికి అతుక్కునే ఆ నల్లసూటులో అబ్బాయిల ఎదురుగా పడవలో కూర్చోవడం తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టాయి. అమ్మది ఇంకా తెగేసిన మాట. "సూటూ గీటూ అంటే అసలు పోనే పోబాక."

పెదనాయన మా ఇద్దరి మాటా విన్నారు. "ఆ సముద్రం నాకు తెలవదు. నీ ఒళ్లు ఎట్టాంటిదో చూద్దాం పదమ్మా," అన్నారు.

మర్రిపాడు దారిలో మా చేని బావికి వెళ్లాం. మే నెల ఎండ. చుడీదార్‌తోనే మెట్లు దిగి మెడలోతులో నిలబడ్డాను. ఆయన పైమెట్టు మీద కూర్చుని ఒక తాడుముక్క అందించారు. "ముడేసి ఇప్పు." చిటికెలో విప్పాను. "మళ్లీ ఏసుకోని, కదలకుండా ఉండు."

"ఈ ఎండలో బిడ్డను బావిలో నిలబెట్టేదేంది బావా! ఎవురన్నా చూస్తే నవ్వరా?" గట్టు మీద నుంచి అమ్మ.

"నవ్వనీమ్మా. నువ్వు కూడా దిగు, సల్లగుంటాది."

మొదట హాయిగానే ఉంది. ఆ తర్వాత భుజాలు బిగుసుకున్నాయి. గంట దాటేసరికి పళ్లు టకటకలాడాయి. "ఇప్పుడిప్పు," అన్నారు. ముడి కళ్లముందే ఉంది. వేళ్లు మాత్రం ఎవరివో అయినట్టు జారిపోతున్నాయి. అమ్మ గబగబా దిగి వచ్చి నన్ను పైకి లాగి కొంగు కప్పింది. కాలిపోతున్న బండ మీద కూర్చుని వణికాను.

"ఎచ్చటి నీళ్లే. అయినా నీ ఒంటికంటే సల్లనే గదా," అన్నారు పెదనాయన. "బక్కదానివి, నీలో వేడి తొందరగా లాగేస్తాయి. నీళ్లకింద నడుముకు కట్టే బరువుల బెల్టు ఇప్పాల్సి వస్తే ఈ చేతులు నీ మాట ఇంటాయా?"

అడిగింది నన్నే. అమ్మ తల దించుకుంది.

ఆయన స్నేహితుడొకరు మద్రాసు నుంచి మూడు మిల్లీమీటర్ల మందం సూటు పంపారు. మగపిల్లల కొలత. భుజాల దగ్గరా నడుము దగ్గరా వదులు. అమ్మకు ఆ వదులే నచ్చింది.

"అట్టా పనికిరాదమ్మా. లోపలికొచ్చిన కాసిని నీళ్లు ఒంటివేడికి కాగాల. వదులైతే అవి పోయి కొత్తవి దూరతానే ఉంటాయి," అన్నారాయన.

నేను సూటు వేసుకుని గదిలోంచి వస్తుంటే ఆయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. కొలత చూడటమంతా అలాగే జరిగింది.

"చంక కింద వేలు దూరతాదా?" గోడను అడిగినట్టు అడిగారు.

"చెయ్యే దూరతాది బావా."

"బిగించు. మెడ కాడ?"

"ఒక వేలు."

"చాలు. బిడ్డను గట్టిగా ఊపిరి పీల్చమను. ఇబ్బందేమన్నా ఉండాదా?"

అమ్మ ఆ సాయంత్రమంతా మిషను ముందు కూర్చుని బిగించింది. మర్నాడు పెదనాయన సూటు తిరగేసి చూసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. నా స్కూలు గౌన్లకు లాగే లోపల నాలుగు వేళ్ల మడత వదిలి కుట్టింది అమ్మ. "రేపు ఒళ్లు చేస్తే ఇప్పుకోవద్దా?" అంది ఉక్రోషంగా. "రబ్బరుకు మడతేందమ్మా! ఒరుసుకోని పుండ్లు పడతాయి బిడ్డకు," అంటూనే ఆయన బ్లేడుతో మడతలు కోశారు. అంచులు సైకిలుషాపు పంచరు సొల్యూషన్‌తో అతికించి, పైన ఆయనే చేత్తో కుట్టారు. "పడవలో మీద చొక్కా ఏసుకో. దూకేటప్పుడు తియ్యి," అని నాకు మాత్రమే వినపడేట్టు చెప్పారు.

లక్షదీవుల నుంచి తిరిగి వచ్చిన రోజు గేటు దగ్గరే అడిగారు. "చేతులు మాట ఇన్నాయా?"

"విన్నాయి పెదనాయనా. రెండోసారి దిగినప్పుడు కూడా."

"ఏం చూసినావు?"

"చేపలు," అన్నాను. నేను ఎవరితోనైనా అంతే. ఆయన మాత్రం ఇంకా నా ముఖం వైపే చూస్తున్నారు.

"ఓడ కింద మాకేం కనపడతాది? అంతా బురద నీళ్లు. నా చెయ్యి నాకే కనపడేది కాదు, తడుముకోవడమే," అన్నారు, కొంచెం సిగ్గుపడుతున్నట్టు.

అన్నేళ్లు నీళ్లలో గడిపిన మనిషి సముద్రాన్ని చూడనేలేదని నాకు అప్పుడే తెలిసింది. అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఇసుక మీద వలలా కదిలే ఎండ, దుప్పికొమ్ముల్లాంటి పగడాలు, నా మణికట్టు దాకా వచ్చి ఆగిన నీలిచేప. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. మోకాలి మీద చెయ్యి మెల్లగా నీళ్లను నెడుతున్నట్టు కదులుతోంది. కాఫీ తెచ్చిన అమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ఏందే, ఇంతింత మాటలు వస్తాయా నీకు?" అంది.

పెదనాయన కళ్లు తెరవకుండానే రెండో చెయ్యి ఎత్తి ఆపారు.

"ఉండమ్మా. ఇంకా కిందనే ఉండాము."