బోర్డు కట్టినవాళ్ళే విప్పాలి

మా మేస్త్రి ముప్ఫై ఒక్క ఏళ్ళు లిఫ్టులు బాగుచేశారు. అందులో ఇరవై ఏళ్ళు నేను ఆయన పక్కనే పనిచేశాను. సంచిలో ఆయన మొదట సర్దుకునేది పానా కాదు, ఒక రేకు బోర్డు. ‘లోపల మనిషి ఉన్నాడు. స్విచ్చి వేయకండి’ అని ఎర్ర రంగుతో ఆయనే రాసుకున్నారు. లిఫ్టు గుంటలోకి దిగే ముందు మేడ మీది మోటారు గదికి వెళ్ళి, కరెంటు ఆపి, ఆ స్విచ్చి పిడికి బోర్డు కట్టేవారు. ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. విప్పే ముందు లోపలికి ఒక కేక వేసి, జవాబు కోసం ఆగాలి. ఇదీ ఆయన పద్ధతి.

ఒకసారి మేస్త్రి గుంటలో ఉండగానే, చుట్టాలు కింద నిలబడిపోయారని ఒక భవనం యజమాని స్వయంగా ఆ బోర్డు పీకి పక్కన పెట్టాడు. మేస్త్రి పైకొచ్చి చూసి, సంచి సర్దుకుని పదకొండు అంతస్తులూ దిగి వెళ్ళిపోయారు. ఆ చుట్టాలు ఉన్న మూడు రోజులూ మెట్లెక్కారు.

లిఫ్టు బాగుచేసేవాడికీ మెట్లు తప్పవు. ఆ మెట్ల మీదే ఆయన జబ్బు బయటపడింది. యాభై నాలుగో ఏట మూడో అంతస్తుకే కూర్చుండిపోయేవారు. గుండె కండరం బలహీనపడిందనీ, లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె పెట్టారు. గుండె లయ తప్పితే కరెంటు దెబ్బ కొట్టి దారిలో పెడుతుంది. డీఫిబ్రిలేటర్ అంటారట.

“ఏముందిరా, మన లిఫ్టు కింద ఇనుప దవడలు ఉంటాయి చూడు, అలాంటిదే” అన్నారు నాతో. “తాడు బాగున్నన్నాళ్ళూ ఊరికే కూర్చుంటాయి. తెగిందా, పట్టాలను కరిచి పట్టుకుంటాయి. పడనివ్వవు. అలాగని మోటారును బాగుచేస్తాయనుకోకు.”

వదిన, అంటే ఆయన భార్య, ఇంట్లోనే కుట్టుపని చేసేది. పెట్టె మీద కలం ఒరుసుకుంటుందని ఆయన చొక్కాల జేబులన్నీ విప్పి కుడివైపుకు మార్చింది. విప్పినచోట సూది గుర్తు కూడా కనబడేది కాదు.

రెండో ఏడు, బస్సు కోసం నిలబడి ఉండగా పెట్టె మొదటిసారి పనిచేసింది. ఆయన కళ్ళు తిరిగి కూలబడ్డారు. గాడిద గుండెల మీద తన్నినట్టు ఒకటే దెబ్బ. లేచి కూర్చుని, “పట్టుకుందిరా!” అని నవ్వారు. అప్పటినుంచి వదిన ఆయన చొక్కాకు బొత్తాలు పెట్టేటప్పుడు ఆ ఉబ్బును వేలితో ఒకసారి తాకేది.

నాలుగేళ్ళు గడిచాయి. ఈసారి పోయింది మోటారు. కాళ్ళకు నీరు పట్టింది. పడుకుంటే ఊపిరాడదు, కునుకంతా కుర్చీలోనే. మూడోసారి ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. గుండెకు ఇక చేయగలిగింది లేదనీ, ఆఖరి రోజుల్లో ఈ పెట్టె కొడుతూనే ఉండొచ్చనీ, ఆ కొట్టడం వరకు కోత లేకుండానే ఆపేయవచ్చనీ చెప్పింది.

“ఆపేయండి” అన్నారు మేస్త్రి.

“నోరు ముయ్యండి” అంది వదిన.

ఇంటికొచ్చాకా, నా ముందే, అదే గొడవ.

“నా చేత్తో నేను మిమ్మల్ని చంపుకోమంటారా?”

“చచ్చేవాణ్ణి తన్నకుండా చావనివ్వమంటున్నానే.”

“ఆ మాట అనొద్దన్నానా!”

“నా సంతకం ఒక్కటే చాలట. అయినా నువ్వు ఒప్పుకోందే చేయించుకోను. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, ఈ ఒక్క స్విచ్చీ నీ చాటున ఆపనా?”

ఆవిడ వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. సూదికి దారం ఎక్కించలేదని ఆయనా చూశారు, నేనూ చూశాను.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం వదిన ఆయన భుజం పట్టుకుని మందు తాగిస్తోంది. ఒక్కసారిగా ఆయన ఒళ్ళు ఎగిరిపడింది. గ్లాసు వెళ్ళి గోడకు తగిలింది. ఆవిడ చేతికీ జిల్లుమంది. తేరుకునేలోగా ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. ఆయన తెలివిలోనే ఉన్నారు, అదే ఘోరం. పదకొండు అంతస్తుల గుంటలోకి వంగి చూసే మనిషి, తరువాతి దెబ్బ ఎప్పుడొస్తుందోనని వణికిపోయారు. ఏడు దెబ్బలు.

“వద్దని చెప్పవే” అన్నారు వదిన వైపు చూసి, పసివాడిలా.

ఆసుపత్రిలో మందులిచ్చి శాంతింపజేశారు. వరండాలో వదిన నన్ను ఆపింది.

“అది ఆపితే గుండె ఆగిపోతుందా? పనివాడివి, నిజం చెప్పు.”

“లేదు వదినా. దవడలు విప్పినంత మాత్రాన తాడు తెగదు. అది తెగే రోజున తెగుతుంది. అప్పుడు మధ్యలో పట్టుకుని వేలాడదీయకుండా ఉంటుంది, అంతే. డాక్టరమ్మ చెప్పిందీ అదే.”

ఆవిడ జిల్లుమన్న చేతిని చూసుకుంది. “సరే, పిలువు వాళ్ళని” అంది.

టెక్నీషియన్ వచ్చి గుండ్రటి బిళ్ళలాంటిది ఆయన ఛాతీ మీద ఆనించి, తన యంత్రం మీద నాలుగు మీటలు నొక్కాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

“అంతేనా?” అంది వదిన.

“అంతేనమ్మా.”

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంటూనే ఉంది. నమ్మకం కుదిరేదాకా వదల్లేదు.

మర్నాడు ఇంటికి తెచ్చాక, మూలనున్న పని సంచిలోంచి రేకు బోర్డు తీసి, మిషను దారం నాలుగు పేటలు పేని, మంచం తలవైపు కమ్మీకి కట్టింది. మేస్త్రి తల తిప్పి చదివారు.

“ముడి సరిగ్గా వేశావా?”

“కుట్టుపని చేసేదానికి ముడి నేర్పుతారా? పడుకోండి.”

ఆ తర్వాత పదకొండు రోజులున్నారు. సుఖంగా ఉన్నారని చెప్పను, ఆయాసం ఆయాసమే. భయం మాత్రం పోయింది. పన్నెండో రోజు పొద్దున్న పక్కనే కూర్చుని అంచు కుడుతున్న వదిన, దారం తెంపి తలెత్తేసరికి ఆయన లేరు. పెట్టె కొట్టలేదు.

ఆయన్ని ఎత్తే ముందు, అడ్డంగా ఉందని ఎవరో ఆ బోర్డు దారం కోయబోయారు. “ఆగండి” అన్నాను. వదిన లేచి వచ్చింది. మంచం మీదికి వంగి పిలిచింది.

“ఏమండీ.”

జవాబు కోసం ఆగింది. మేమందరం ఆగాం. తర్వాత, కత్తెర తీసుకోకుండా, గోటితో మెల్లగా ఆ ముడి విప్పింది.