ఆకులో వచ్చిన బొప్పాయి

డెబ్బైల నాటి మాట. పెళ్లయి గుంటూరు నుంచి యాకుత్‌పురాకు కాపురానికి వచ్చిన కొత్త. ఊరి నుంచి మామగారు వస్తూ అడవిపంది మాంసం తెచ్చారు. ఎంత ఉడికించినా ముక్క మెత్తబడదు, నీచు వాసన పోదు. మామగారికా, పళ్లు అంతంతమాత్రం.

నన్ను కూతురిలా చూసుకునే పక్కింటి ఖాలా గోడ అవతలి నుంచి అడిగింది.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నుంచి ఉడుకుతనే ఉంది. గోష్ మస్తు గట్టిదా?"

వాళ్లకు పంది హరాం. తెలిస్తే మళ్లీ మా గడప తొక్కుతుందా? "అవును ఖాలా" అని మాత్రం అన్నాను.

కాసేపటికి వచ్చింది. రోజూ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి గడప బయటే నిలబడింది.

"పచ్చి బొప్పాయి తొక్కతోనే నూరి తెచ్చిన. కూర దించి, చల్లారినంక ఇది పట్టించు. జరసేపాగి మళ్ల ఉడకబెట్టు. అల్లం, మిరియాలు ఎక్కువెయ్యి, వాసన పోతది. ఫికర్ చెయ్యకు."

ఏ మాంసమని అడగనే లేదు.

మామగారు మారు అడిగి వేయించుకున్నారు. గిన్నె తిరిగిచ్చేద్దామని వెతికితే అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడూ తన పింగాణీ గిన్నెలో తెచ్చే ఖాలా, ఆ రోజు ముద్దను మోదుగాకులో తెచ్చింది.

మర్నాడు ఖీర్ మాత్రం ఆ గిన్నెలోనే వచ్చింది, నేరుగా మా వంటింట్లోకి.