బండి నంబర్లతో సర్వర్ నడిపిన మా నూకరాజు

నిన్న పొద్దున్నే ఫోన్ మోగితే, సర్వర్ పడిపోయిందనే అనుకున్నాను.

నూకరాజు నంబర్ నుంచి ఆ టైముకి ఫోన్ వస్తే అందుకే వస్తుంది. ఎత్తగానే "మళ్ళీ ఏం కెలికావ్ బావా?" అని అరిచాను.

అవతల వాళ్ళ తమ్ముడు.

"అన్న పోనాడు బావా. గుండె."

నమ్మలేదు. ఫోన్ పెట్టేసి ఏం చేశానో తెలుసా? మేం నడిపే చేపల వేలం పేజీ ఓపెన్ చేసి చూశాను. నడుస్తోంది. సర్వర్ నడుస్తుంటే వాడు ఉన్నట్టే కదా అనిపించింది.

నిన్న సాయంత్రం దహనం అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. వాడూ నేనూ కలిసి ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంట్ మీద గదిలో చిన్న సాఫ్ట్‌వేర్ షాపు నడుపుతున్నాం. వాడిది చేపల వేటకెళ్ళే కుటుంబం. మా ఊరు పద్మనాభం, రోజూ బస్సులో వచ్చిపోతాను.

పోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నాకు మాత్రం నిన్నట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది.

ఒకటే అప్లికేషన్ సర్వర్. మా కస్టమర్లందరి వెబ్‌సైట్లూ అందులోనే. వేలం రేట్లు ఒక పోర్టు, ఐస్ ఆర్డర్లు ఇంకో పోర్టు, సింహాచలంలో కాటేజీ బుకింగ్ ఒకటి, మా ఊళ్ళో వరికోత మెషీన్ అద్దె ఒకటి. పోర్టు అంటే వెబ్ అడ్రస్ చివర కొట్టే నంబర్. తేడా అంతే. లోపల అన్నీ ఒకే కొంపలో కాపురం. ఒకదానికి జ్వరం వస్తే అన్నీ పడకేస్తాయి. ఒకదాన్ని రీస్టార్ట్ చెయ్యాలంటే అన్నీ ఆపాలి.

ఆ నంబర్లు ఎలా ఇచ్చాడనుకున్నారు? వరసగా ఇస్తాడా మహానుభావుడు?

కస్టమర్ల బండి నంబర్లు ఇచ్చాడు!

మంచి పేర్లు పెట్టి, నంబర్లు కనపడకుండా చేద్దాంరా అని మొత్తుకున్నాను.

"పేర్లెవుడు గుర్తెట్టుకుంటాడు బావా? బండి నంబరైతే నిద్దట్లో లేపి అడిగినా సెప్తారు" అన్నాడు.

ఓసారి ఐస్ ప్లాంట్ ఓనర్ గురుమూర్తి గారు పాత బండి అమ్మేసి కొత్తది కొన్నారు. స్వీట్ బాక్సు పట్టుకుని పైకొచ్చి, "నూకరాజూ, నా నంబరు మారిపోనాది. సైటుకి కూడా మార్చీ" అన్నారు.

నేను నవ్వాను. వీడు నవ్వలేదు. నిజంగానే మార్చేశాడు!

ఆ రోజు హార్బర్లో సగం బోట్లవాళ్ళు ఐస్ ఆర్డర్ పెట్టలేకపోయారు. అందరూ పాత నంబరే కొడుతున్నారు మరి. తిట్టే ఫోన్లన్నీ నాకే. వీడు మిగిలిన స్వీట్లు తింటూ కూర్చున్నాడు.

వేలం పాడే పైడమ్మ అత్తకి బండే లేదు. పోయిన మావయ్య మోపెడ్ నంబర్ అడిగి మరీ తీసుకుంది. ఆ మోపెడ్ ఎప్పుడో తుక్కుకి పోయింది. నంబర్ మాత్రం రోజూ తెల్లారకముందే హార్బర్ అంతా కొడుతుంది.

ఇంక రీస్టార్ట్ సంగతి. ముందు అందరికీ ఫోన్ చేసి అడగాలి. అది వాడి రూలు. నిమిషం పనికి గంట కబుర్లు. అందరికీ ఒక మెసేజ్ పడేయరా బాబూ అంటే వినడు.

"ఆళ్ళ పని మనం ఆపుతన్నాం బావా. నోటితో సెప్పాల గదా."

ఒక్కోదాన్ని విడగొట్టి వేరే సర్వర్లో పెడదాం అని రోజూ గొడవే. "అన్నీ ఒకేసారి ఖాళీగా ఉన్న పూట ఒక్కటి దొరకనీ, సేసేత్తాను" అనేవాడు. ఎక్కణ్ణుంచి దొరుకుతుంది? తెల్లారకముందు వేలం. పగలంతా ఐస్. సాయంత్రమైతే కాటేజీలు.

ఈ పొద్దున సర్వర్ మొరాయించింది. ఒక్క పేజీ తెరుచుకోదు.

"పోతూ పోతూ నా నెత్తిన పెట్టి పోయావ్ కదరా" అని ఖాళీ గదిలో పైకే తిట్టాను.

రీస్టార్ట్ చెయ్యబోయి ఆగిపోయాను. వాడి దిక్కుమాలిన రూలు గుర్తొచ్చింది. ఆఫీస్ ఫోన్ తీసి ఒక్కొక్కరికీ చేశాను.

"ఇయ్యాల ప్లాంటే తియ్యలేదు బాబూ" అన్నారు గురుమూర్తి గారు.

కాటేజీలు చూసే ఆచారి గారికి విషయం తెలీదు. ఆఫీస్ నంబర్ చూసి, "ఏం నూకరాజూ, ఆపుతున్నావా? ఆపుకో నాయనా" అన్నారు. చెప్పాను. ఈ రోజుకి బుకింగులు తీసుకోనన్నారు.

వరికోత మెషీన్ ఓనర్ నిన్న దహనానికి వచ్చినవాడు ఇంకా వాళ్ళింటి దగ్గరే ఉన్నాడు. మెషీన్ కదల్లేదు.

చివరికి పైడమ్మ అత్త.

"ఒక్క నిమిషం ఆపుతున్నాను అత్తా."

"ఆపుకో నాయనా. మనోడు పోతే బోట్లెలాగెల్తాయి? ఇయ్యాల సేపల యేటా లేదు, యేలమూ లేదు."

ఫోన్ పెట్టేశాక అర్థమైంది.

ఒరేయ్ బావా, అన్నీ ఖాళీరా. అన్నీ ఒకేసారి ఖాళీ!

ఇన్నేళ్ళూ దొరకదన్నావే, ఆ పూట ఇదే. రోజంతా దొరికింది. పని చెయ్యడానికి నువ్వే లేవు.

రీస్టార్ట్ చేశాను. అన్నీ లేచాయి. విడగొట్టలేదు. ఎప్పుడెప్పుడా అని చూసినవాణ్ణి, తీరా చేతికొచ్చాక మనసు రాలేదు. నీ కుర్చీ పక్కన కూర్చుని ఏడ్చాను.

రేపు బోట్లు వెళ్తాయి. అత్త మళ్ళీ మావయ్య నంబరే కొడుతుంది. అది అక్కడే ఉంటుంది, నాదీ పూచీ.

నా కోపం ఒక్కటే బావా. నిమిషం ఆపడానికి ఊరందరికీ ఫోన్ చేసేవాడివి. నువ్వు ఆగిపోయేముందు ఒక్కరికీ చెప్పలేదేంరా?

ఇంక సర్వర్ పడిపోయినా నిన్నెవరూ లేపరు. ప్రశాంతంగా పడుకో.